సెట్ ఎక్కడి దాకా పలుకుతుంది?

నిజామాబాద్ నుంచి బోధన్‌కు పాతిక కిలోమీటర్లు. బోధన్ దాటి సాలూర మీదుగా మంజీర వంతెన ఎక్కితే అవతలి ఒడ్డు మహారాష్ట్ర. బస్సెక్కిన మనిషికి ఇది పెద్ద దూరం కాదు. పోలీసు భుజానికి తగిలించుకునే వైర్‌లెస్ సెట్‌కు మాత్రం చాలా దూరం. ఆ చేతిసెట్ శక్తి సాధారణంగా ఐదు వాట్లు. అది వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే, తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి మనిషి ఎత్తున ఉన్న రెండు సెట్ల మధ్య లెక్క ప్రకారమే పది కిలోమీటర్లు మించవు. మధ్యలో ఇళ్లు, చెట్లు, గట్లు అడ్డం వస్తే రెండు మూడు కిలోమీటర్లు అందుకోవడమే గగనం. ముప్పై మీటర్ల టవర్ మీద రిపీటర్ పెడితే అదే లెక్క 27 కిలోమీటర్లకు పెరుగుతుంది. రిపీటర్ అంటే బలహీనమైన సంకేతాన్ని అందుకుని బలం కూర్చి మళ్లీ పంపే పెట్టె. ఊరవతల బందోబస్తులో ఉన్న కానిస్టేబుల్ మాట కంట్రోల్ రూమ్‌కు చేరాలంటే ఆ పెట్టె పనిచేయాలి, దానికి కరెంటు ఉండాలి, కరెంటు పోతే బ్యాటరీ అందుకోవాలి, ఆ బ్యాటరీని నెలనెలా చూసే మనిషి ఉండాలి. చేతిలోని సెట్ ఈ గొలుసులో చివరి కడియం మాత్రమే.

పోలీసు, అగ్నిమాపక విభాగాల రేడియోల ఆధునికీకరణ గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ ఆ చివరి కడియం చుట్టూనే తిరుగుతుంది. అనలాగ్ సెట్లు పాతబడ్డాయి, డిజిటల్ కొనాలి. డిజిటల్ కూడా పాతబడుతోంది, 4జీ సెట్లు కొనాలి. ఇందులో అబద్ధం లేదు. కానీ నిజామాబాద్, బోధన్ లాంటి పట్టణాల విషయంలో ఈ చర్చ తప్పు కొస నుంచి మొదలవుతోందని నా అభిప్రాయం. చిన్న పట్టణాల్లో రేడియో వ్యవస్థను హైదరాబాద్‌లోని కంట్రోల్ రూమ్ నుంచి బయటికి కాకుండా, జిల్లా సరిహద్దు నుంచి లోపలికి కొలవాలి. గోదావరి ఒడ్డున కందకుర్తి ఘాట్ మీద, సాలూర వంతెన దగ్గర, సిరికొండ అడవి దారిలో, వానాకాలం అర్ధరాత్రి కరెంటు లేనప్పుడు మాట చేరుతుందా లేదా అన్నదే మొదటి ప్రశ్న కావాలి. ఏ కంపెనీ సెట్, ఏ తరం సాంకేతికత అన్నవి ఆ తర్వాతి ప్రశ్నలు.

ముందు సాంకేతికత సంగతి కొంచెం చూద్దాం. పాత అనలాగ్ పద్ధతిలో ఒక చానల్‌లో ఒకసారికి ఒక్కరే మాట్లాడగలరు. ఒకప్పుడు ఒక్కో చానల్ 25 కిలోహెర్ట్జ్ మేర స్థలం తినేది. తర్వాత దాన్ని 12.5కు కుదించారు. ఐరోపా ప్రమాణాల సంస్థ 1995లో టెట్రా అనే డిజిటల్ ప్రమాణాన్ని, 2005లో డీఎంఆర్ అనే మరొకదాన్ని తెచ్చింది. డీఎంఆర్ అదే 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌ను కాలం ప్రకారం రెండుగా పంచుతుంది; ఒకే తరంగం మీద రెండు సంభాషణలు నడుస్తాయి. పైగా ఎవరు మాట్లాడుతున్నారో, ఎక్కడ ఉన్నారో తెలుస్తుంది, బయటివాళ్లు వినకుండా గుప్తం చేయవచ్చు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. టెట్రా ఇంకా పెద్ద ఏర్పాటు; హైదరాబాద్ మెట్రో రైలు వాడేది అదే. ఇవన్నీ అసలైన లాభాలే. అయితే కొనుగోలు కాగితాల్లో పెద్దగా కనిపించని తేడా ఒకటుంది. అనలాగ్ మాట దూరం పెరిగేకొద్దీ మెల్లగా గరగరలాడుతుంది. ఏళ్ల తరబడి సెట్ విన్న ఆపరేటర్ ఆ గరగరలోంచి కూడా ఊరి పేరు, వాహనం నంబరు పట్టేస్తాడు. డిజిటల్ మాట చివరిదాకా స్పష్టంగా వచ్చి, హద్దు దాటగానే ఒక్కసారిగా ఆగిపోతుంది. మధ్యస్థితి లేదు. పట్టణం నడిబొడ్డున ఈ తేడా ఎవరికీ తెలియదు. జిల్లా అంచున తెలుస్తుంది. పాత టవర్ మీద పాత పెట్టె తీసి కొత్త పెట్టె పెట్టినంత మాత్రాన పాత మేరంతా అందుతుందని అనుకోకూడదు. రోడ్డు రోడ్డునా బండిలో తిరిగి కొలవాల్సిందే.

ఆ కొలత ఈ జిల్లాలో మరీ అవసరం. ఎందుకంటే ఇది రెండు రకాల నేల. పడమటి వైపు బోధన్, ఎడపల్లి, కోటగిరి, వర్ని నిజాంసాగర్ కాలువ కింద చదునుగా పరుచుకున్న చెరకు, వరి పొలాలు. తరంగానికి అడ్డం తక్కువ, కానీ టవర్ ఎక్కించడానికి సహజమైన ఎత్తూ తక్కువే. నిజామాబాద్‌కు ఖిల్లా గుట్ట ఉంది. బోధన్‌కు అలాంటిది లేదు. తూర్పున సిరికొండ, భీమ్‌గల్ వైపు గుట్టలూ అడవీ. అక్కడ ఎత్తుకు కరువు లేదు, కానీ ప్రతి గుట్ట వెనుకా మాట చేరని నీడ ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లో నక్సల్ ఉద్యమం బలంగా ఉన్నప్పుడు పోలీసులకు ఈ నీడలు ఎంత ముఖ్యమో వేరే చెప్పక్కర్లేదు. 2016 అక్టోబరులో జిల్లాల విభజనతో కామారెడ్డి వేరయింది, నిజామాబాద్ పోలీసు కమిషనరేట్ అయింది. కాగితం మీద గీత మారినంత సులువుగా తరంగాల హద్దు మారదు. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా గీసి, ఇన్ని స్టేషన్లకు ఇన్ని సెట్లు అని లెక్కగట్టి పంపే పద్ధతి ఇలాంటి నేల మీద పనిచేయదు. పడమటికి ఎత్తైన టవర్లు కావాలి, తూర్పుకు చిన్న చిన్న రిపీటర్లు ఎక్కువ కావాలి.

నిర్ణయం ఎవరిది అన్నది తర్వాతి చిక్కు. అమెరికాలో చిన్న ఊళ్లకు సొంత పోలీసు, సొంత అగ్నిమాపక దళం ఉంటాయి. రేడియోలు కూడా ఆ ఊళ్లే తమ పన్నులతో కొనుక్కుంటాయి. 2013 జనవరి 1 కల్లా చానళ్లను 12.5 కిలోహెర్ట్జ్‌కు కుదించాలని అక్కడి ప్రభుత్వ సంస్థ గడువు పెట్టినప్పుడు ఆ భారం చిన్న ఊళ్ల బడ్జెట్ల మీదే పడింది. మన దగ్గర బోధన్ మున్సిపాలిటీకి ఆ భారం లేదు, ఆ అధికారమూ లేదు. పోలీసు రాష్ట్రానికి చెందిన అంశం. తరంగాల అనుమతి ఢిల్లీలో టెలికాం శాఖ కింది డబ్ల్యూపీసీ విభాగం ఇవ్వాలి. పోలీసు వైర్‌లెస్‌ల సమన్వయానికి కేంద్ర హోంశాఖ కింద 1946లో పుట్టిన డీసీపీడబ్ల్యూ ఉంది. కొనుగోళ్లు రాష్ట్ర పోలీసు కమ్యూనికేషన్స్ విభాగానివి. డబ్బులో కొంత కేంద్రం ఇచ్చే పోలీసు ఆధునికీకరణ పథకం నుంచి, మన లాంటి రాష్ట్రాలకు 60:40 నిష్పత్తిలో వస్తుంది. 2021-26 కాలానికి దేశంలోని రాష్ట్రాలన్నిటికీ కలిపి ఆ పద్దు కింద పెట్టింది 4,846 కోట్ల రూపాయలు. ఇందులోంచే ఆయుధాలు, వాహనాలు, ఫోరెన్సిక్ పరికరాలు, కంప్యూటర్లు కూడా రావాలి. ఇన్ని చేతులు దాటి వచ్చేసరికి రెంజల్‌లో మాట అందడం లేదన్న ఫిర్యాదుకు ఏ ఫైల్లో చోటుంటుంది? అమెరికా ఊరికి డబ్బు లేదు, కానీ గొంతు ఉంది. మన ఊరికి ఖర్చు లేదు, గొంతూ లేదు. రెండోదే ఎక్కువ ప్రమాదమని నాకనిపిస్తుంది. ఎందుకంటే అమెరికాలో లోపం ఉన్నట్టు కనీసం ఊరికి తెలుస్తుంది.

చిన్న ఊరి సంగతి సరే, రాజధాని సంగతి చూడండి. ఢిల్లీ పోలీసుల మీద 2020లో వెలువడిన కాగ్ నివేదిక అక్కడి వైర్‌లెస్ ట్రంకింగ్ వ్యవస్థ ఇరవై ఏళ్లకు పైబడినదనీ, దాని ఆయుష్షు తీరి పదేళ్లయినా మార్చలేకపోయారనీ తేల్చింది. 2000 జూన్‌లో 9,638 ఉన్న సెట్లు 2019 జూన్ నాటికి 6,172కు పడిపోయాయి. పాతవి మూలకు పడ్డాయి, కొత్త టెండరు కొలిక్కి రాలేదు. దేశ రాజధానిలో, కేంద్ర హోంశాఖ చేతికింద ఉన్న దళంలో జరిగింది ఇది. ఇక చిన్నచోట్ల మాట. 2020 జనవరి 1 నాటి లెక్క ప్రకారం దేశంలో వైర్‌లెస్ గానీ మొబైల్ ఫోన్ గానీ లేని పోలీసు స్టేషన్లు 143 ఉన్నాయని పార్లమెంటు స్థాయీ సంఘం 2022లో ఎత్తిచూపింది. ఈ రెండూ కలిపి చదివితే కష్టం కేవలం డబ్బుది కాదని తెలుస్తుంది. రేడియో కొనడం ఒక్కరోజు పని కాదు. పదేళ్లకోసారి మొత్తం మార్చాల్సిన, ఆ పదేళ్లూ రోజూ కనిపెట్టుకోవాల్సిన పని. మన ప్రభుత్వ పద్దులు కొనడానికి తేలిగ్గా ఒప్పుకుంటాయి, కనిపెట్టుకోవడానికి ఒప్పుకోవు.

దీనికి తోడు కంటికి కనిపించే వస్తువుల మీద మనకున్న మోజు. తెలంగాణ వచ్చాక పోలీసు శాఖలో మార్పు రాలేదని ఎవరూ అనలేరు. కొత్త ఇన్నోవాలు వచ్చాయి, 2018లో టీఎస్‌కాప్ యాప్ వచ్చింది, 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ఆకాశాన్నంటే కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. 'నేను సైతం' పేరుతో వ్యాపారులు, కాలనీల వాళ్లు చందాలేసుకుని సీసీ కెమెరాలు పెట్టించారు. కెమెరా కింద దాత పేరు రాయొచ్చు. గుట్ట మీది రిపీటర్ బ్యాటరీకి చందా ఇచ్చి, ఆ గుట్టెక్కి తన పేరు చూసుకునే దాత ఇంకా పుట్టలేదు. రిబ్బన్ కత్తిరించడానికి వీలుకాని వస్తువు బడ్జెట్‌లో వెనకబెంచీకి పోవడం ఒక్క పోలీసు శాఖకే పరిమితమైన జబ్బు కాదు గానీ, రేడియోకు అది మరీ గట్టిగా పట్టింది.

ఇక్కడ ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న: అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, స్టేషన్‌కో వాట్సాప్ గ్రూపు ఉంది, ఇంకా ఈ గరగరలాడే సెట్లెందుకు? మామూలు రోజున ఈ ప్రశ్న న్యాయమైనదే. ఫొటో పంపాలన్నా, నిందితుడి వివరాలు చూడాలన్నా ఫోనే మేలు. కానీ సెట్ చేసే పని వేరు. బటన్ నొక్కిన క్షణంలో ఒకరి మాట ఏకకాలంలో అందరికీ వినపడుతుంది. నంబరు నొక్కక్కర్లేదు, అవతలివాడు ఎత్తక్కర్లేదు, గ్రూపు తెరవక్కర్లేదు. ఫోన్ టవర్ వ్యాపారులది. రద్దీ పెరిగితే కానిస్టేబుల్ కాల్, జాతరలో సెల్ఫీ పంపే కుర్రాడి కాల్ ఒకే వరసలో నిలబడతాయి. కరెంటు పోతే టవర్ ఎన్ని గంటలు నిలవాలన్నదీ వ్యాపారపు లెక్కే. నగరంలో దానికి ఎక్కువ ఖర్చు పెట్టడం గిట్టుబాటవుతుంది, సరిహద్దు పల్లెలో కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు అంత పెద్ద నగరంలోనే సెల్‌ఫోన్లు రోజుల తరబడి మూగబోయాయి.

దీనికంటే గట్టి కారణం ఇంకొకటి ఉంది. అల్లర్లు జరిగినప్పుడు ఇంటర్నెట్‌ను ఆపేది ప్రభుత్వమే. బాసర అవతల ఉన్న భైంసాలో 2020 జనవరిలో ఘర్షణలు చెలరేగినప్పుడు ఆ ప్రాంతంలో ఇంటర్నెట్ సేవలు నిలిపివేశారు. పుకార్లు ఆపడానికి తీసుకునే ఈ చర్య మంచిదా కాదా అన్నది వేరే చర్చ. పోలీసుల మాటే మొబైల్ డేటా మీద నడిచే రోజు వస్తే, ప్రభుత్వం పుకార్లకు వేసిన తాళం తన నోటికే పడుతుంది. బోధన్‌లోనూ 2022 మార్చి 20న అంబేద్కర్ చౌరస్తాలో విగ్రహం విషయమై రెండు వర్గాలు ఎదురుపడ్డాయి. 144 సెక్షన్ పెట్టారు, బయటి నుంచి అదనపు బలగాలు దిగాయి. అలాంటి రోజున బయటి నుంచి వచ్చినవాళ్ల సెట్లూ, స్థానిక స్టేషన్ సెట్లూ ఒకే చానల్‌లోకి రాగలవా అన్నది చౌరస్తాలో నిలబడి తేల్చుకునే సంగతి కాదు. జిల్లాకో రకం సెట్లు, దళానికో గుప్త సంకేతం కొనుక్కుంటూ పోతే కొత్త వ్యవస్థ పాతదానికంటే ఎక్కువ గోడలు కడుతుంది. అనలాగ్‌లో కనీసం తరంగం తెలిస్తే చాలు.

ఒకే ఘటనలో ఉన్న రెండు శాఖలు ఒకరి మాట ఒకరు వినకపోతే ఏమవుతుందో 2001 సెప్టెంబరు 11న న్యూయార్క్ చూసింది. కూలిపోయిన జంట భవనాల్లో 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పైన తిరుగుతున్న పోలీసు హెలికాప్టర్ నుంచి వచ్చిన హెచ్చరికలు లోపలి అగ్నిమాపక సిబ్బంది రేడియోల్లోకి చేరలేదు. ఉత్తర భవనం మెట్ల మీద ఉన్నవారిలో చాలామందికి బయటికి రమ్మన్న ఆదేశం అందలేదు. మనకు ఆకాశహర్మ్యాలు లేవు, వానలున్నాయి. 2023 జులై 24 రాత్రి వేల్పూర్ మండలంలో తెల్లారేసరికి 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా అర్గొండలోనూ అంతే. రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, 44వ జాతీయ రహదారి దెబ్బతింది. ఇలాంటి రాత్రి పనిచేయాల్సిన శాఖలు లెక్కపెట్టండి: పోలీసు, అగ్నిమాపక, రెవెన్యూ, నీటిపారుదల, విద్యుత్తు, పంచాయతీ, 108 అంబులెన్సు. నిజాంసాగర్ గేట్లు ఎత్తితే మంజీర ఉబ్బుతుంది. శ్రీరాంసాగర్ నిండితే వెనుక నీరు ఎగబాకుతుంది. 42 గేట్లున్న ఆ ప్రాజెక్టు దగ్గరి ఇంజనీరు మాట, నదిలో పడవ మీద ఉన్న సహాయ దళం చెవిలో నేరుగా పడాలి. మధ్యలో నాలుగు ఫోన్ కాల్స్ ఉండకూడదు.

నది అవతలి ఒడ్డు సంగతి మరీ ముఖ్యం. గోదావరి, మంజీర రెండూ ఇక్కడ రాష్ట్రాల సరిహద్దుతో ఆడుకుంటాయి; ఎగువన నాందేడ్ జిల్లాలో కురిసిన వాన కందకుర్తికి వస్తుంది. ఎగువన గోదావరి మీద మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ వివాదంలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఏటా జులై 1న గేట్లు ఎత్తడం, అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచడం, దానికి ఉభయ రాష్ట్రాల అధికారులు దగ్గరుండటం ఒక ఆనవాయితీ అయింది. నీళ్ల కోసం సుప్రీంకోర్టు దాకా పోయిన వివాదంలోనే ఉభయ రాష్ట్రాలు ఒక తేదీకి కలిసి కట్టుబడగలుగుతున్నాయి. రెండు జిల్లాల పోలీసులు, అగ్నిమాపక దళాలు వరదరోజున కలుసుకునే ఒక ఉమ్మడి చానల్‌కు కూడా అలాంటి రాతపూర్వక ఏర్పాటు ఉండాలి. సాంకేతికంగా ఇది పెద్ద పని కాదు. 2023లో వచ్చిన కొత్త టెలికమ్యూనికేషన్స్ చట్టం భద్రత, విపత్తు నిర్వహణ లాంటి అవసరాలకు వేలం లేకుండా తరంగాలు కేటాయించే వీలు ఉంచింది. అడిగేవాళ్లు కావాలి.

బోధన్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ మొదలైనప్పటి నుంచి దశాబ్దాల పాటు ఈ ఊరు సర్కారు కళ్లలో ఉండేది. ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరుండేది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. పెద్ద పరిశ్రమ ఉన్న ఊరికి రోడ్డు, రైలు, టెలిఫోను ముందు వస్తాయి. అది పోయాక అదే వరసలో ఊరు చివరికి జరుగుతుంది. సెల్ కంపెనీ ఎక్కడ అదనపు టవర్ వేయాలో చందాదారుల బిల్లు చూసి తేల్చుకుంటుంది. ప్రజాభద్రత రేడియో కూడా అదే లెక్క పాటిస్తే వెనకబడిన ఊరు రెండుసార్లు దెబ్బతింటుంది. అందుకే బోధన్ లాంటి చోట సర్కారు సొంత రేడియో వ్యవస్థకు ఉన్న అవసరం హైదరాబాద్‌లోకంటే ఎక్కువ.

రెండో అభ్యంతరం ఇంజనీర్ల నుంచి వస్తుంది. దేశమంతటికీ ప్రజాభద్రత కోసం 4జీ, 5జీ నెట్‌వర్క్ రాబోతున్నప్పుడు ఇప్పుడు డీఎంఆర్ మీద డబ్బు తగలేయడం దండగ కదా అంటారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 జూన్‌లో సరిగ్గా అలాంటి నెట్‌వర్క్‌నే సిఫారసు చేసింది. 814-824, 859-869 మెగాహెర్ట్జ్ తరంగాలను దానికి ప్రత్యేకించమంది. ఆలోచన మంచిదే. అమెరికా 2012లో చట్టం చేసి, 2017లో ఏటీ అండ్ టీతో ఒప్పందం కుదుర్చుకుని ఫస్ట్‌నెట్ పేరుతో దాన్ని నడిపిస్తోంది. కానీ వేచిచూడటానికీ ఒక ధర ఉందని బ్రిటన్ నేర్పింది. అక్కడ టెట్రా మీద నడిచే ఎయిర్‌వేవ్‌ను ఆపేసి 4జీ ఆధారిత వ్యవస్థకు మారాలని 2015లో ఒప్పందాలు చేసుకున్నారు. 2019 చివరికల్లా పాతది మూసేయాలనుకున్నారు. గడువు జరిగి జరిగి 2029కి పోయింది. ఈలోగా పాత వ్యవస్థకు కిరాయి కడుతూనే ఉండాల్సివచ్చింది. ఆ వ్యవస్థ యజమాని మోటరోలా ఏడాదికి దాదాపు 20 కోట్ల పౌండ్లు అదనంగా గుంజుతోందని అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో తేల్చి ధరకు పరిమితి పెట్టింది. సంపన్న దేశంలోనే గడువు పదేళ్లు జరిగింది. మన దగ్గర ట్రాయ్ సిఫారసును నమ్ముకుని ఇప్పుడున్న బ్యాటరీలు మార్చకుండా కూర్చుంటే మూల్యం చెల్లించేది సరిహద్దు స్టేషన్. ఈ కథలో రెండో పాఠం, ఒకే కంపెనీ చేతికి తాళంచెవి ఇవ్వకూడదన్నది. ఎవరి సెట్ అయినా ఎవరి రిపీటర్‌తోనైనా మాట్లాడే బహిరంగ ప్రమాణాన్ని టెండరులో షరతుగా రాయాలి. టెండరుకు ముందే వేర్వేరు కంపెనీల సెట్లు పక్కపక్కన పెట్టి పరీక్షించాలి.

అన్నీ ఒకేసారి మార్చడానికి డబ్బెక్కడిదన్నది మూడో అభ్యంతరం. ఒకేసారి మార్చమని ఎవరూ అనడం లేదు, మార్చకూడదు కూడా. డీఎంఆర్ సెట్లలో అనలాగ్‌లోనూ డిజిటల్‌లోనూ పనిచేసేవి ఉన్నాయి. వాటిని మెల్లమెల్లగా తెస్తూ, అన్ని చోట్లా కొలిచి తృప్తిపడేదాకా పాత అనలాగ్ చానల్‌ను కొనసాగించవచ్చు. ఖర్చు వరస మాత్రం తలకిందులు చేయాలి. మొదటి రూపాయి రిపీటర్ దగ్గరి కరెంటుకు, అంటే బ్యాటరీలకూ సోలార్ పలకలకూ, పిడుగు నుంచి రక్షణకూ పోవాలి. రెండోది రిపీటర్లను కలిపే దారికి. మిషన్ భగీరథ పైపుల వెంట వేసిన టీ-ఫైబర్ తీగను ఇందుకు వాడుకోవచ్చు. అయితే వరదలో రోడ్డుతోపాటు తీగా తెగుతుంది కాబట్టి దానికి రేడియో లంకె ఒకటి తోడుండాలి. మూడోది మనుషులకు. పోలీసు నియామకాల్లో ఐటీ అండ్ కమ్యూనికేషన్స్ విభాగానికి కానిస్టేబుళ్లను విడిగా తీసుకుంటారు. వాళ్లను బందోబస్తుకూ కంప్యూటర్ ఆపరేటర్ పనికీ లాక్కోకుండా వాళ్ల పని వాళ్లను చేయనివ్వాలి. బోధన్, ఆర్మూర్ డివిజన్లలో కనీసం ఒక్కొక్క మరమ్మతు బల్ల ఉండాలి. చిన్న సర్క్యూట్ పోయినా సెట్‌ను హైదరాబాద్ పంపి వారాల తరబడి ఎదురుచూసే పద్ధతిలో ఎన్ని కొత్త సెట్లు కొన్నా తరుగుతూనే ఉంటాయి. చేతిసెట్ల కొనుగోలు నాలుగోది. అగ్నిమాపక శాఖ అదే టవర్ వాడుకుంటే ఇద్దరి ఖర్చూ తగ్గుతుంది.

గుప్త సంకేతాల మీద కూడా ఒక మాట. డిజిటల్ అయితే పోలీసు మాట ఎవరూ వినలేరు, జవాబుదారీతనం పోతుందని కొన్ని దేశాల్లో విలేఖరులు గొడవ చేస్తున్నారు. మన చట్టంలో పోలీసు చానల్ వినే హక్కు జనానికి ఎన్నడూ లేదు కాబట్టి ఇక్కడ ఆ బాధ అంతగా వర్తించదు. పైగా డిజిటల్ వ్యవస్థ ప్రతి సంభాషణనూ సమయంతో సహా భద్రపరచగలదు. ఏదైనా ఘటన మీద విచారణ జరిగితే ఎవరు ఎప్పుడు ఏం చెప్పారో సాక్ష్యం ఉంటుంది. ఆ రికార్డును ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరికి చూపాలి అన్న నియమం మాత్రం సెట్లు కొనకముందే రాసుకోవాలి.

2015 జులైలో గోదావరి పుష్కరాలకు కందకుర్తి, పోచంపాడు, బాసర ఘాట్లకు జనం పోటెత్తారు. పన్నెండేళ్ల లెక్కన మళ్లీ పుష్కరాలు 2027లో వస్తాయి, అదీ వానాకాలంలోనే. ఘాట్లకు సిమెంటు, బారికేడ్లకు వెదురు, రోడ్లకు తారు ఎలాగూ మంజూరవుతాయి. ఆ పద్దులోనే రేడియోకు ఒక వరస రాయించుకోవడానికి ఇదే అదను. పుష్కరాలకు ముందు ఒక వానాకాలం రాత్రి కరెంటు తీసేసి, పోలీసు, అగ్నిమాపక, నీటిపారుదల శాఖలు ఒకే చానల్‌లో కందకుర్తి నుంచీ సాలూర నుంచీ మాట్లాడి చూడాలి. ఎక్కడ మాట అందిందో, ఎక్కడ అందలేదో జిల్లా అభివృద్ధి సమీక్షలో ప్రజాప్రతినిధుల ముందు పెట్టాలి. రహస్య వివరాలు అక్కర్లేదు, ఊరి పేరు, అందింది లేదా అందలేదు అన్న జవాబు చాలు. నిజామాబాద్ ఎంపీనీ, బోధన్ ఎమ్మెల్యేనీ ఈ ఒక్క పట్టిక అడగండి.